మలివయసు బెంగ వయసు వల్ల వచ్చేది కాదు

ఆకలి లేదు. కడుపులో మంట. కాళ్ళలో సత్తువ లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఆ తర్వాత కన్ను మూతపడదు. అరవై ఐదు దాటినవాళ్ళు డాక్టరు దగ్గర తమ మనసు గురించి చెప్పుకునేది చాలావరకు ఈ భాషలోనే. ఈసీజీ తీస్తారు, షుగర్ చూస్తారు, గ్యాస్ మాత్రా బలానికి టానిక్కూ రాసిస్తారు. రిపోర్టులు బాగానే ఉంటే ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుని, "వయసు మీద పడింది కదా, అంతే" అంటారు. ఆ మాటతో అడగవలసిన ప్రశ్నలన్నీ ఆగిపోతాయి.

ఈ స్థితికి మన దగ్గర పేర్లు లేకపోలేదు. కోస్తాలో బెంగ పెట్టుకుంది అంటారు. తెలంగాణలో మనాది పెట్టుకున్నడు, రంది పడుతున్నడు అంటారు. ఈ మాటలు వినగానే ఎవరైనా "దేనికి?" అని అడుగుతారు. బెంగకి, మనాదికి ఒక కారణం, ఒక మనిషి, ఒక రోజు ఉంటాయి. "వయసు" అంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. పైగా వయసే కారణమన్నది నిజం కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సెన్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కోపం, ఆందోళన వంటివి యువకులకన్నా తక్కువగానే కలుగుతాయని తేలింది. మిగిలిన కాలం తక్కువని తెలిసినప్పుడు మనిషి తనకి ముఖ్యమైన నలుగురినీ ఉంచుకుని, మిగతా గొడవలను వదిలేస్తాడు. కాబట్టి డెబ్భై ఏళ్ళ మనిషి గోడకేసి చూస్తూ కూర్చున్నాడంటే అది వయసుతో సహజంగా వచ్చిన మార్పు కాదు. ఏదో జరిగింది.

దెబ్బలన్నీ ఒకేసారి

పాతికేళ్ళ వయసులో ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. మలివయసులో ఒకటి పోతే దాని వెనకే నాలుగు పోతాయి. దీన్ని లెక్కకట్టి చూపే పాత కొలత ఒకటుంది. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహీ జీవితంలో వచ్చే 43 మార్పులకి అంకెలు వేశారు. అందులో అన్నిటికన్నా పెద్ద అంకె జీవిత భాగస్వామి మరణానిది, 100. సొంత అనారోగ్యానికి 53, పదవీ విరమణకి 45, దగ్గరి స్నేహితుడి మరణానికి 37. మొత్తం 150 దాటితే జబ్బు పడే అవకాశం పెరుగుతుందని, 300 దాటితే బాగా ఎక్కువని వాళ్ళ అంచనా. అది వేరే దేశపు కొలత, మనిషికీ మనిషికీ ఉండే తేడా దానికి తెలియదు. అయినా మన ఇళ్ళలో తరచూ జరిగే ఒక సంగతిని దాంతో కట్టి చూడవచ్చు.

భర్త పోయిన ఒకావిడని, పెద్దకర్మ అవగానే కొడుకు తనతో హైదరాబాదు తీసుకువెళ్ళాడనుకుందాం. భర్త మరణం 100. రాబడిలో మార్పు 38. బతికే తీరు మారినందుకు 25, ఇల్లు మారినందుకు 20, తెలిసిన మనుషులతో రాకపోకలు మారినందుకు 18. నిద్రకి 16, తిండికి 15. మొత్తం 232. ఆ ఏడాదిలోనే తుంటి ఎముక విరిగితే 285. ఈ లెక్కలో మొదటి వంద ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఇల్లు, బతికే తీరు, చుట్టూ ఉండే మనుషులు, ఈ మూడిటికీ కలిపి వచ్చే 63 ప్రేమకొద్దీ పిల్లలే జోడించింది. "ఒక్కదాన్నీ అక్కడ ఎలా వదిలేస్తాం" అన్న మాటలో మంచితనం ఉంది. అయితే పక్కింటి పిన్నిగారు, పాలు పోసే మనిషి, పేరు పెట్టి పిలిచే కూరగాయలావిడ, గుడి మెట్లు, వీళ్ళంతా ఆవిడని నిలబెట్టి ఉంచుతున్నారు. ఒంటరిగా ఉండలేని జబ్బు గానీ, ఆవిడ స్వయంగా వస్తానన్న కోరిక గానీ లేకపోతే మొదటి ఏడాది ఇల్లు కదపకపోవడమే మంచిది. రాత్రి తోడుకి ఒక మనిషిని పెట్టి, పిల్లలే వంతులేసుకుని వెళ్ళిరావడం మేలు. ఇల్లు అమ్మకం మాట ఆ ఏడాది అసలు ఎత్తకూడదు.

పన్నెండో రోజు దాటాక

చావు జరిగిన ఇల్లు మొదటి పదీ పన్నెండు రోజులూ మనుషులతో నిండి ఉంటుంది. ఎవరో ఒకరు వంట చేస్తారు, ఎవరో ఒకరు పక్కన పడుకుంటారు. ఆ రోజుల్లో చాలామంది మొద్దుబారినట్టుంటారు, అడిగినదానికి జవాబు చెప్తారు, బాగానే తట్టుకున్నారనిపిస్తుంది. పెద్దకర్మ కాగానే కార్లు వెళ్ళిపోతాయి. విదేశాల నుంచి వచ్చిన పిల్లలకి సెలవు అయిపోతుంది. అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది. మూడో వారం నుంచి మూడో నెల వరకు ఆ మనిషిని చూసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. సెలవు రెండు విడతలుగా దొరికే వీలుంటే రెండో విడతని ఆ సమయానికి దాచుకోవడం చాలా తెలివైన పని. నెలనెలా పెట్టే మాసికం ఇందుకు పనికొస్తుంది. నెలకోసారి నలుగురూ రావడానికి, పోయినవాళ్ళ పేరు నోటితో పలకడానికి అది ఒక సాకు.

దుఃఖం ఒక్కో మెట్టూ దిగుతూ తగ్గిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. దగ్గర నుంచి చూస్తే అలా జరగదు. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన వివరణ వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. మనసు రెండు వైపులకీ ఊగుతుంది. కాసేపు పోయిన మనిషి వైపు, అంటే ఫొటో, ఏడుపు, జ్ఞాపకం. కాసేపు మిగిలిన బతుకు వైపు, అంటే కరెంటు బిల్లు, బ్యాంకు పని, మనవడి పరీక్షలు. ఉదయం ఏడ్చిన ఆవిడ సాయంత్రం సీరియల్ చూసి నవ్వితే అది మరచిపోవడం కాదు, కోలుకునే తీరే అది. చిక్కంతా ఆ ఊగడం ఆగిపోయినప్పుడు వస్తుంది. రోజంతా ఏడుపులోనే ఉండిపోయినా, ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తకుండా పనిలో కూరుకుపోయినా జాగ్రత్త పడాలి.

మిగిలిన బతుకు వైపు ఉండే పనులు ఆడవాళ్ళకి ఒకలా, మగవాళ్ళకి ఒకలా ఎదురవుతాయి. లెక్కలన్నీ భర్తే చూసుకున్న ఇంట్లో ఆవిడకి ఏటీఎం పిన్ తెలియదు, పెన్షన్ మంజూరు పత్రం (పీపీఓ) ఎక్కడుందో తెలియదు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోకపోతే కుటుంబ పెన్షన్ దగ్గర నుంచి బీమా వరకు అన్నీ ఆగుతాయి. ఈ పనులు కొడుకు తానే చేసేయకుండా, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, సంతకాలు ఆవిడ చేతే పెట్టిస్తూ చేయించాలి. రెండో నెలలో సొంతంగా డబ్బు తీసుకోగలిగిన మనిషికి భయం సగం తగ్గుతుంది. కొన్ని ఇళ్ళలో పదో రోజున బొట్టు, గాజులు తీయించే తంతు ఇంకా సాగుతోంది. భర్తతో పాటు భార్యగా తనకున్న గుర్తింపు కూడా పోయిందని పదిమందిలో చెప్పడం అది. ఆపైన పెళ్ళి పేరంటాలకి పిలుపులు తగ్గి, మాట్లాడే మనుషులు కూడా తగ్గుతారు. దుఃఖం మీద అవమానం చేరితే కోలుకోవడం ఎంత ఆలస్యమవుతుందో మనస్తత్వశాస్త్రం చదవకుండానే చెప్పవచ్చు. ఈ తంతుని ఆపగలిగే చోటు ఆ ఇల్లే, ఆపవలసింది ఆ ఇంటి పిల్లలే.

భార్య పోయిన మగవాడి పరిస్థితి ఇంకా ప్రమాదకరం. అతనికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆవిడే చెప్పేది. చుట్టాలతో ఫోను మాట్లాడేది, చెల్లెలింటికి పసుపు కుంకుమ పంపేది కూడా ఆవిడే. ఆవిడతో పాటు అన్ని తీగలూ తెగిపోతాయి. బ్రిటన్‌లో భార్యని పోగొట్టుకున్న 55 ఏళ్ళు పైబడిన 4,486 మంది మగవాళ్ళని గమనించి 1969లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ఆరు నెలల్లో మరణాలు మామూలుకన్నా 40 శాతం ఎక్కువగా కనిపించాయి. వాటిలో గుండె జబ్బులదే పెద్ద వాటా. అందుకే ఆ ఆరు నెలలూ బీపీ, షుగర్ మాత్రల డబ్బా వారానికోసారి ఎవరో ఒకరు తెరిచి చూడాలి. అన్నం, పప్పు, ఒక వేపుడు, చారు, ఈ నాలుగూ వండుకోవడం నేర్పించాలి. క్యారియర్ తెప్పించడంతో ఆకలి తీరుతుంది గానీ, రోజుకి రెండు గంటల పని, కూరగాయలకి బయటికెళ్ళే కారణం రెండూ పోతాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పోయినవాళ్ళు పిలిచినట్టు వినిపించడం, వాళ్ళ కుర్చీలో కూర్చున్నట్టు కనిపించడం, అగరొత్తుల వాసనో నశ్యం వాసనో తగలడం చాలామందికి జరుగుతుంది. వేల్స్‌లో ఒక డాక్టరు భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందిని స్వయంగా అడిగి 1971లో రాశారు. దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఉంది, చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. తాయెత్తు అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. "నాన్న ఏమన్నారమ్మా?" అని అడిగితే చాలు.

పదవి పోవడం, పొలం పంచడం

ఉద్యోగ విరమణ వయసు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో 62, తెలంగాణలో 61. ఆ రోజున శాలువా కప్పుతారు. మర్నాటి నుంచి పోయేవి జీతంలో తగ్గుదల కన్నా పెద్దవి. ఎన్నింటికి లేవాలో చెప్పే కారణం, రోజూ కలిసే పదిమంది, "సార్" అన్న పిలుపు, తన సంతకంతో ఒక పని జరుగుతుందన్న నమ్మకం. మొదటి మూడు నెలలు సెలవుల్లా హాయిగా గడుస్తాయి. ఆ తర్వాత ఇంట్లో పోపు ఎలా వేయాలో, ఫ్యాను ఎప్పుడు కట్టాలో చెప్పడం మొదలవుతుంది. దాన్ని చాదస్తం అని కొట్టిపారేస్తారు. అది అధికారం వెతుక్కుంటున్న మనసు. దీనికి విరుగుడు విశ్రాంతిలో లేదు, బాధ్యతలోనే ఉంది. అపార్ట్‌మెంటు నీళ్ళ లెక్క, గుడి కమిటీ పద్దులు, పదో తరగతి పిల్లలకి లెక్కలు, ఏదైనా సరే, దానికి నిర్ణీత సమయం ఉండాలి, తను వెళ్ళకపోతే ఎదురుచూసేవాళ్ళు ఉండాలి. ఈ రెండూ లేని కాలక్షేపం రెండు నెలలకి మించి నిలవదు.

పల్లెలో రైతుకి పదవీ విరమణ ఉండదు. అక్కడ ఆ రోజు పేరు ఆస్తి పంపకం. పాసు పుస్తకం కొడుకుల పేర్లకి మారిన సాయంత్రం నుంచి ఇంట్లో మాట తీరు మారుతుంది. నెలకి ఒక కొడుకు దగ్గర వంతులేసుకోవడం, ఇంకా ఘోరంగా తల్లి ఒక ఇంట్లో, తండ్రి ఇంకో ఇంట్లో ఉండేలా పంచుకోవడం చాలా ఊళ్ళలో మామూలైపోయింది. యాభై ఏళ్ళు కలిసి బతికిన ఇద్దరిని అన్నం ఖర్చు కోసం విడదీయడం వాళ్ళ మనసుకి బతికుండగానే వియోగం. ప్రతి నెలా సంచీ సర్దుకునే మనిషికి ఏ ఇల్లూ తనది కాదు, ఏ మంచమూ తనది కాదు. నిద్ర అందుకే పోతుంది.

ఇక్కడ చట్టం మనసుకి నేరుగా పనికొస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెడితే నెలకి పది వేల రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. అందులోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. ఆ షరతు దస్తావేజులో రాయకపోతే తర్వాత నిరూపించడం కష్టమవుతుంది. కాబట్టి గిఫ్ట్ డీడ్‌లో పోషణ షరతు, ఇద్దరూ బతికున్నంత కాలం ఇంటి మీద అనుభవ హక్కు, ఈ రెండు వాక్యాలూ రాయించుకున్నాకే సంతకం పెట్టాలి. ఇది పిల్లల మీద అపనమ్మకం కాదు. తన కాళ్ళ కింద నేల ఉందన్న ధీమా ఉన్న మనిషి అంత తొందరగా కుంగిపోడు.

దుఃఖమా, జబ్బా

బెంగ అంతా జబ్బు కాదు, అలాగని బెంగే కదా అని జబ్బుని వదిలేయకూడదు. తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. దుఃఖం అలలుగా వస్తుంది, మనవరాలు వస్తే ముఖం విప్పారుతుంది. డిప్రెషన్‌లో అలలు ఉండవు, రోజంతా ఒకే బరువు, ఉదయం ఇంకా ఎక్కువ. దుఃఖంలో "ఆయన లేకపోయాడే" అంటారు. డిప్రెషన్‌లో "నేను దేనికీ పనికిరాను, అందరికీ భారం" అంటారు. దిగులో, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడమో రెండు వారాలకి మించి దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత కూడా దెబ్బతింటే వైద్యం కావాలి. డిప్రెషన్‌ని కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9, తెలుగులోనూ ఉంది. 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుని కలవాలి. పెద్దవాళ్ళ కోసమే తయారైన ఇలాంటిదే పదిహేను ప్రశ్నల పత్రం జీడీఎస్‌లో జవాబులు అవును, కాదు అంతే. ఒంటి నొప్పుల గురించి అందులో అడగరు కాబట్టి కీళ్ళనొప్పులున్నవాళ్ళకి అది నయం. అందులో 5 దాటితే పట్టించుకోవాలి.

మరణం తర్వాతి దుఃఖం ఎంతకాలానికి మితిమీరినట్టు? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఆరు నెలలు అంటుంది, ఆ సమాజపు ఆచారాన్ని కూడా చూడమంటుంది. అమెరికన్ మానసిక వైద్యులు 2022లో పన్నెండు నెలలు అన్నారు. మన సంవత్సరీకం కూడా దాదాపు అక్కడే ఉంది. ఏడాది తర్వాత కూడా ఆ మనిషి కోసం తపన రోజూ అదే తీవ్రతతో ఉండి, వంటా స్నానమూ జరగనంతగా ఆపేస్తుంటే దానికి ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంది. అది కాలమే మాన్పే గాయం కాదు.

మతిమరుపుతో కూడా ఇది కలిసిపోతుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఏం అడిగినా "ఏమో, తెలీదు" అని వదిలేస్తాడు, తనకి మతి పోతోందని తనే చెప్పుకుంటాడు, ఇది వారాల్లో మొదలవుతుంది. డిమెన్షియా ఏళ్ళ మీద వస్తుంది. ఆ మనిషి ఏదో ఒక జవాబు చెప్పి కప్పిపుచ్చుతాడు, ఫిర్యాదు చేసేది ఇంట్లోవాళ్ళు. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో అయోమయం వచ్చి, పొంతన లేని మాటలు, మగత కనిపిస్తే మాత్రం ఆ రెండూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్త మందు వంటివి కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మామూలుగా కూడా మనసు మందు రాయకముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, సోడియం చూడడం తప్పనిసరి. ఈ నాలుగిట్లో ఏది తేడా వచ్చినా అచ్చం బెంగలాగే కనిపిస్తుంది.

మందుల విషయంలో ఇళ్ళలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, నిద్ర కోసం మెడికల్ షాపులో అల్‌ప్రాజోలామ్ కొనుక్కుని నెలల తరబడి వేసుకోవడం. రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడిపోయి తుంటి విరగడానికి, మతిమరుపు పెరగడానికి అది దారి. అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి. రెండోది, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పది రోజులు వాడి "ఏం పని చేయలేదు" అని మానేయడం. పెద్దవాళ్ళలో వీటి పూర్తి ఫలితానికి ఆరు నుంచి పన్నెండు వారాలు కూడా పడుతుంది. సగం మోతాదుతో మొదలుపెడతారు. మొదటి నెలలో సోడియం పరీక్ష ఒకటి చేయించాలి, ముఖ్యంగా బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడేవాళ్ళకి. 135 కన్నా బాగా తగ్గిపోతే వికారం, తూలడం, అయోమయం వస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. తేరుకున్నాక కూడా ఆరు నెలలు, తరచూ ఏడాది, మందు కొనసాగిస్తారు.

మందుతో పాటు పనిచేసేది పని. "నువ్వేం చెయ్యకమ్మా, కూర్చో" అన్న మాట ప్రేమతోనే వస్తుంది, కానీ మనిషికి చివరి ఆధారాన్ని లాగేస్తుంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దామనుకుంటే ఆ ఉత్సాహం రాదు. ముందు పని, వెనక ఉత్సాహం. మొదటి వారం పది నిమిషాలకి మించని పనులు చాలు, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, తులసికి నీళ్ళు, పాల ప్యాకెట్‌కి వీధి చివరికి నడక. రోజులో ఒకటి చేతులతో చేసేది, ఒకటి కాళ్ళతో చేసేది, ఒకటి ఇంకో మనిషితో చేసేది ఉండేలా చూడాలి. సమయం గోడ మీద క్యాలెండర్‌లో రాయాలి. చేయలేకపోయిన రోజున పనిని సగం చేయాలి తప్ప మాట అనకూడదు.

జ్ఞాపకాలు చెప్పించడం కూడా వైద్యమే. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు, పెద్దవాళ్ళు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదని, బతుకుని ఒక లెక్కకి తెచ్చుకునే ప్రయత్నమని వాదించారు. అడిగే తీరులో ఉంది కిటుకు. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "మొదటి జీతం ఎంత నాన్నా, దాంతో ఏం కొన్నావు?" అంటే గంట మాట్లాడతారు. ఒకసారి కూర్చుంటే ఒకే విషయం, అరగంట, చేతిలో ఒక పాత ఫొటో. మాట ప్రతిసారీ అదే పశ్చాత్తాపం దగ్గరికి వచ్చి ఆగుతుంటే, అంటే "ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే" అన్న మాటే తిరుగుతుంటే, అది జ్ఞాపకం కాదు, కౌన్సెలర్ అవసరం ఉందన్న గుర్తు.

కొన్ని మాటలు వినగానే ఆగిపోవాలి. "ఎవరికీ బరువు కాకూడదు", "దేవుడు తీసుకెళ్తే బాగుండు" అన్నవి తరచూ వినిపించడం, మాత్రలు మానేయడం, నగలూ పత్రాలూ హడావుడిగా పంచేయడం, అప్పటిదాకా అల్లాడిన మనిషి ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళలా ముందు హెచ్చరించరు, ప్రయత్నం ప్రాణం మీదికి వచ్చే అవకాశమూ ఎక్కువ. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు, మిగిలిన మాత్రలు ఇంటి నుంచి తీసేయాలి, అదే రోజు మానసిక వైద్యుడికి చూపించాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు కూడా ఫోను చేసి సలహా అడగవచ్చు. భరణం, వేధింపులు, ఒంటరితనం వంటి వాటికి వృద్ధుల సహాయవాణి 14567 ఉంది. ఫోనులో బెదిరించి డబ్బు లాగేసిన మోసాల్లో మోసపోయానన్న సిగ్గే మనిషిని తినేస్తుంది. తిట్టకుండా అదే గంటలో సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోను చేయించాలి.

దూరంలో ఉన్న పిల్లలు ఫోనులో "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నాం" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. అమెరికాలో ఉన్న కొడుక్కి బెంగ తగలకూడదని తల్లి దాచుకుంటుంది. అలాగని సందర్శక వీసా మీద ఆరు నెలలు న్యూజెర్సీకి తెచ్చుకుంటే, కారు నడపడం రాని మనిషి చలికాలమంతా నాలుగు గోడల మధ్య మనవడు స్కూలు నుంచి వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చుంటుంది. ఫోనులో ప్రశ్న మారిస్తే సంగతి తెలుస్తుంది. ఇవ్వాళ ఏం కూర? ఎవరొచ్చారు? రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది? మూడు రోజులు వరుసగా "నిన్నటి చారే ఉంది, ఎవరూ రాలేదు, మూడింటికి" అన్న జవాబు వస్తే, ఆ వారమే ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తట్టాలి.